వెల్డింగ్ అద్దంలో దయ్యం

నవంబరు 18, మంగళవారం

ఎరువుల కొట్టువాడు ఉగాదికిచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్లూ గాలికి కిటికీ రెక్క కొట్టుకోకుండా సందులో దూర్చి పెట్టుకున్నాం. ఈ రోజు లాగి, దులిపి, రాస్తున్నాను. ఎందుకంటే ఇంట్లో నా మాట వినేవాళ్లు లేరు. కృపమణి ఉంది గానీ ఆమె వినదు, చూస్తుంది. ఆ చూపు పెళ్లయిన కొత్తలో వేరుగా ఉండేది.

సంగతేమంటే, మేకల దొడ్డి వాకిలి ఊడిపోయింది. వెల్డింగు గోపన్న చుట్టూ తిరిగి తిరిగి నా చెప్పులరిగాయి. రేపు రా, ఎల్లుండి రా. సరే, ఆ రుచి వీడికి కూడా చూపిద్దామని నిన్న ఆడగొంతు పెట్టి ఫోన్ చేశాను. ఎర్రగుంట్లలో కల్యాణ మండపం కడుతున్నాం, కిటికీలన్నిటికీ గ్రిల్లులు కావాలి, కొలతలు తీసుకోను రండి అని. పాపం, టేపు పట్టుకొని పోయాడు. ఊరంతా వెతికి, మండపం దొరక్క, బస్టాండులో సోడా తాగి వెనక్కొచ్చాడు.

పొద్దున అంగడి ముందు నన్ను చూసి చేతిలో సుత్తి కింద పెట్టాడు.

"ఏమప్పా దావీదురాజూ, ఆ మండపం ఆడమనిషి గొంతు నీదేనంట కదా?"

"ఛీ ఛీ. నా గొంతు అంత బాగుంటే ఈ పాటికి రేడియోలో ఉండేవాణ్ణి."

"నీ దొడ్డి వాకిలి నువ్వే అతికించుకో పో. నా అంగట్లో నీకు ఒక్క వెల్డింగు చుక్క కూడా పడదు."

అతికించుకుంటాను. తొమ్మిదో తరగతి తప్పినవాణ్ణే గానీ బోరు మోటారు విప్పి బిగించినవాణ్ణి. మిషను నేనే కొంటాను. కమలాపురంలో వీడొక్కడే పుట్టాడా?

నవంబరు 22, శనివారం

కడపకు పోయి మిషను తెచ్చాం. తోడుకు ప్రసాదును పిలుచుకుపోయాను. యేసుప్రసాద్, కృపమణి తమ్ముడు. పక్క సందులో ఉంటాడు, తిండి మా ఇంట్లో. వాడి భార్య రెజీనా బిడ్డల్ని తీసుకొని రాజంపేటలో పుట్టింట్లో ఉంది. తాగుడు చూడలేక పోయింది. సంఘం పెద్దలు కూడా వాడికి ప్రభు బల్ల ఆపేశారు. అందరూ ముందుకు పోయి రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటుంటే వాడు వెనక చెప్పుల దగ్గర కూర్చుంటాడు. ఆ కూర్చోవడంలోనే ఏదో తెగింది వాడికి. అప్పటి నుంచి చుక్క ముట్టలేదు. డిసెంబరు మొదటి ఆదివారం తిరిగి బల్లకు పిలుస్తామని మా పాస్టరు అయ్యగారు మాటిచ్చారు. ఆ కబురు వింటే బస్సెక్కుతానని రెజీనా చెప్పింది. ఇప్పుడు వాడికి ఆ ఆదివారం తప్ప ప్రపంచంలో ఇంకేమీ లేదు. బస్సులో కూడా అదే మాట.

అంగడిలో ఉన్నది రమణి అనే ఆమె. నా నోటికి సరిపోయే నోరు.

"అన్నిట్లోకీ పెద్ద మిషను చూపించమ్మా" అన్నాను.

"ఏం చేస్తావప్పా దాంతో?"

"రైలు పట్టాలు అతికిస్తా."

"మీ ఇంటి కరెంటు ఎన్ని ఫేజులు?"

"ఒకటే. అది కూడా దానికి బుద్ధి పుట్టినప్పుడు."

"అయితే రైలు దిగి ఇట్లా రా."

మూలన బర్రెలా పడున్న పాత రకం మిషను చూపించి, ఇది నీ ఇంట్లో పెడితే మీటరు దగ్గరి వైరు కరిగి నీ మంచం మీద పడుతుందంది. చంకకు తగిలించుకునే చిన్న ఇన్వర్టర్ మిషను తీసింది. ఇంటి కరెంటుకు ఇది చాలు, సన్న పైపుకు సన్న కడ్డీ, తిప్పుడు బిళ్ల తక్కువలో పెట్టు, ఎక్కువ పెడితే పైపుకు బొక్క పడుతుంది అని చెప్పింది. జింకు పూత పైపులైతే అతికించే చోట పూత గీకెయ్యి, ఆ పొగ పీలిస్తే జ్వరమొస్తుంది, గాలాడే చోటే చెయ్యి అంది. తోలు గ్లౌజులు, బూట్లు లేకుండా మిషను ముట్టొద్దంది. చివరికి మొహానికి అడ్డం పెట్టుకునే షీల్డులు రెండు తీసింది.

"రెండెందుకు? నాకుండేది ఒకే మొహం" అన్నాను.

"ఇనుము పట్టుకొనేవాడికి మొహముండదా? ఇదిగో ఈ తమ్ముడు ఉన్నాడు కదా."

ప్రసాదు సిగ్గుపడ్డాడు. ఆమె షీల్డులోని నల్ల అద్దాన్ని ట్యూబులైటుకు పట్టి చూపించింది. లైటు కనిపించలేదు.

"నల్లగా ఉంటే చాలనుకోవాకండి. కనపడే వెలుగు కంటే కనపడని వెలుగు ఒకటి ఉంటాది. కండ్లు కాల్చేది అదే. దాన్ని ఆపేది ఈ అద్దమే, ఇంగోటి కాదు."

"కనపడని దాన్ని నమ్మమనేది మా అయ్యగారొక్కరే అనుకుంటిని. నువ్వు కూడా మొదలుపెడితివా తల్లీ?"

ప్రసాదు కూడా నవ్వాడు. ఆమె మాత్రం నవ్వలేదు.

నవంబరు 24, సోమవారం

ఎలక్ట్రీషియన్ను పిలిపించి దొడ్డివైపు విడిగా లావు వైరు, పెద్ద ప్లగ్గు పెట్టించాను. ఎర్తుకు గుంత తీసి బొగ్గూ ఉప్పూ పోశాం.

"వంటకు ఉప్పు లేదంటే కొట్టుకు పోనంటావు, గుంతకు మాత్రం మూటలు మూటలు పోస్తాండావే" అని కృపమణి.

"గుంత నాతో ఎదురు మాట్లాడదు కదా" అన్నాను. మధ్యాహ్నం కూరలో ఉప్పు లేదు.

మొదటి కడ్డీ ఇనుముకు అతుక్కుపోయి, పీకినా రాలేదు. పాలిస్టరు లుంగీ మీద నిప్పురవ్వ పడి తొడ దాకా బొక్క. లుంగీ మార్చి పాత నూలు ప్యాంటు వేసుకున్నాను. చొప్ప అంతా దూరం జరిపి, బకెట్టులో ఇసుక పెట్టుకున్నాను. అంత బుద్ధిమంతుణ్ణి నేను. అది ఇక్కడ రాసిపెట్టుకోవాలి.

నవంబరు 28, శుక్రవారం

వాకిలి నిలబడింది. అతుకులు మేక పెంటికలు వరసగా పేర్చినట్టున్నాయి గానీ మేకలకు అభ్యంతరం లేదు. గోపన్న అంగడి ముందు నుంచి ఈల వేస్తూ పోయాను.

నవంబరు 30, ఆదివారం

గుడి అయిపోయాక నోరు జారాను. ఈసారి గుడి మీదికి క్రిస్మస్ నక్షత్రం కొనొద్దు, ఇనుముతో నేనే కట్టి ఇస్తాను, పది కాలాలుంటుంది అని. అయ్యగారు సంతోషించారు. స్త్రీల సమాజం పెద్ద జ్ఞానమణమ్మ మాత్రం "వీడు కట్టే నక్షత్రానికి తోక కూడా ఉంటాదేమో చూసుకోండి" అంది. నవ్వారు. నవ్వనీ. నాకది కూలి.

డిసెంబరు 6, శనివారం

నక్షత్రం సగం పైనే అయ్యింది. ఈ రోజు చేసిన పని రాయకుండా నిద్ర పట్టదు.

నక్షత్రానికి అంటించను రంగు జిలెటిన్ కాగితాలు తెచ్చాం. పొద్దున ప్రసాదు రాకముందే రెండో షీల్డులోంచి నల్ల అద్దం తీసేశాను. నీలం కాగితం మడతల మీద మడతలు పెట్టి ఆ చోట్లో బిగించాను. దాని మీద నల్ల స్కెచ్ పెన్నుతో దయ్యాన్ని గీశాను. కొమ్ములు, కోరలు, జ్ఞానమణమ్మ ముక్కు. మామూలుగా చూస్తే నల్లగానే ఉంది. కడ్డీ వెలిగితే వెనక నుంచి వెలుగొచ్చి దయ్యం లేచి మీదికొస్తుంది. ఇంత తెలివి పెట్టి చదివుంటే కలెక్టరయ్యేవాణ్ణి.

వాడు నక్షత్రం ఇనప రాడ్డు పట్టుకున్నాడు. షీల్డు అడ్డం పెట్టుకున్నాడు. కడ్డీ తాకించాను. "యేసయ్యా!" అని కేకేసి వెనక్కి పడ్డాడు. మేకలు అరిచాయి.

తర్వాత ఏం జరిగిందంటే, వాడు నవ్వాడు. నేల మీద కూర్చొని కడుపు పట్టుకొని నవ్వాడు. రెజీనా పోయినప్పటి నుంచి వాడు అట్లా నవ్వగా నేను చూడలేదు. "బావా, ముక్కు ఎవరిదో నాకు తెలుసులే. ఇంగోసారి వెలిగించు బావా" అన్నాడు. వెలిగించాను. మళ్లీ అన్నాడు, మళ్లీ వెలిగించాను. మధ్యాహ్నం దాకా ఆ దయ్యంతోనే పని చేశాం. నేనైతే మంచి షీల్డులోంచే చూశాను.

రేపు వాడికి బల్ల. నవ్వు మొహంతో పోతాడు. అది నా పుణ్యమే.

డిసెంబరు 7, ఆదివారం

వాడికి చీకటి పడ్డాక మొదలైందట. కళ్లలో ఇసుక పోసి నలిపినట్టు. కృపమణి కళ్ల మీద పెరుగు పెట్టింది, ఆలుగడ్డ ముక్కలు పెట్టింది. పొద్దుటికి కళ్లు ఎర్రగా ఉబ్బి, నీళ్లు కారుతూ, వెలుగు చూడలేక ఉన్నాడు. పోవద్దురా అంటే "ఈ రోజు పోకుండా ఎట్లక్కా" అని గోడలు పట్టుకుంటూ వచ్చాడు. గుడి మెట్టు మీద తూలి పడ్డాడు. సరిగ్గా జ్ఞానమణమ్మ ముందు.

"మల్లా మొదలుపెట్టినావా నాయనా? ఈ రోజు కూడానా?"

ఆరాధన మొదలు కాకముందే అయ్యగారు గదిలోకి పిలిచారు. వాణ్ణి, నన్ను, జ్ఞానమణమ్మను.

"తాగలేదయ్యా" అన్నాడు ప్రసాదు. "వెల్డింగు చూసినా. అద్దంలో దయ్యం ఉండె. కొమ్ములు ఉండె. అది చూస్తా చూస్తా..."

అక్కడే అయిపోయింది. జ్ఞానమణమ్మ ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంది. అయ్యగారు కళ్లు మూసుకున్నారు. ప్రసాదు నావైపు తిరిగాడు. నేను ఎక్కడున్నానో వాడికి సరిగ్గా కనిపించలేదు, గొంతు కోసం వెతికాడు. "చెప్పు బావా."

"దావీదూ, నీ ఇంట్లో షీల్డు లేదా?" అని అయ్యగారు అడిగారు.

"ఉండాదయ్యా. రెండు ఉండాయి. ఒకటి వానికిచ్చినా."

అంతే అన్నాను.

"షీల్డు చేతిలో పెట్టుకొని కూడా కండ్లు కాల్చుకున్నాడంటే ఏ స్థితిలో ఉన్నాడో ఇంగ చెప్పాల్నా?" అంది జ్ఞానమణమ్మ.

ఈస్టరు దాకా చూద్దాం అన్నారు అయ్యగారు. ప్రసాదు వెళ్లి చెప్పుల దగ్గర కూర్చున్నాడు. నేను ముందుకు పోయి రొట్టె తీసుకున్నాను. రసం తాగాను.

డిసెంబరు 8, సోమవారం

నేను అబద్ధం చెప్పలేదు. షీల్డులు రెండున్నాయి. ఒకటి వాడికిచ్చాను. ఇందులో ఏ మాట అబద్ధం?

డిసెంబరు 9, మంగళవారం

కడపలో కంటి డాక్టరు. ఆటోలో పోయాం. డాక్టరు మనవైపు చూడకుండా మాట్లాడే రకం.

"వెల్డింగు వెలుగుకు కనుగుడ్డు పైపొర కాలింది. చుక్కల మందు వేసుకుంటే మానుతుంది. మళ్లీ మళ్లీ ఇట్లా జరిగితే చూపుకే ముప్పు. ఏం అడ్డం పెట్టుకున్నాడు?"

"షీల్డు సార్" అన్నాను. వాడు నోరు తెరవకముందే అన్నాను.

"మంచి అద్దమైతే ఇట్లా కాదే." టార్చి ఆర్పి, మొదటిసారి నన్ను చూశాడు. తర్వాత చీటీ రాశాడు.

తిరుగు దారిలో ప్రసాదు కళ్లకు తువ్వాలు కట్టుకొని కూర్చున్నాడు. సగం దూరం పోయాక అడిగాడు.

"బావా, ఆ దయ్యం బొమ్మ అద్దం మీదనే కదా గీసినావు?"

"అద్దం మీదనే."

"మంచి అద్దమేనా?"

"అంగడి ఆమె ఇచ్చిందే కదరా."

కాసేపు తల ఊపాడు. "అట్లయితే నా కండ్లే మంచివి కావు బావా. తాగి తాగి లోపల చెడిపోయింటాయి. జ్ఞానమణమ్మ అన్నదాంట్లో తప్పేముండాది."

ఆటోవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు. ఇంకా గట్టిగా కొట్టి ఉంటే బాగుండేది.

డిసెంబరు 10, బుధవారం

ఆ నీలం కాగితం పొయ్యిలో వేశాను. నల్ల అద్దం తిరిగి షీల్డులో పెట్టాను. ఇప్పుడు ఎవరొచ్చి చూసినా సరిగ్గానే ఉంటుంది.

డిసెంబరు 14, ఆదివారం

రెజీనా ఫోన్ చేసింది. కృపమణి మాట్లాడింది. జ్ఞానమణమ్మ అప్పుడే కబురు పంపిందట. క్రిస్మస్‌కు రాదట. బిడ్డల బడి కూడా రాజంపేటకే మార్పిస్తుందట. కృపమణి ఫోన్ పెట్టేసి వంటింట్లోకి పోయింది.

ప్రసాదు చూపు బాగైంది. గుడికి రాలేదు. నేను మేకలకు ఆకు తేవాలని బయల్దేరితే బస్టాండు పక్కన బ్రాందీ షాపు ఎదుట నిలబడి ఉన్నాడు. రోడ్డుకు ఇవతలివైపు. చేతులు జేబుల్లో పెట్టుకొని బోర్డు చదువుతున్నట్టు. నేను పాల బూత్ వెనక నిలబడ్డాను. పిలవొచ్చు. మామూలుగా అయితే వెనక నుంచి పోయి పోలీసు గొంతుతో అరిచేవాణ్ణి. వాడు అట్లాగే నిలబడి, తర్వాత ఇంటివైపు పోయాడు.

ఈ రోజు పోయాడు. రేపు?

డిసెంబరు 16, మంగళవారం

కృపమణికి చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. కాగితం, దయ్యం, అయ్యగారి గది, డాక్టరు, ఆటో, పొయ్యి అన్నీ చెప్పాను. అరుస్తుందనుకున్నాను. చేట పక్కన పెట్టింది.

"నా తమ్ముని కండ్లతో ఆడుకున్నావు. సరే, నీకు తెలీక ఆడుకున్నావు. వాని మాటతో ఎందుకు ఆడుకున్నావయ్యా?"

"ఆడుకోలేదు మణీ. నోరు రాలేదు."

"నీకా? నోరు రాలేదా?"

మళ్లీ చేట తీసుకుంది. అయ్యగారికి, రెజీనాకు, వానికి, ముగ్గురికీ చెప్పి ఇంట్లోకి రా అంది. మొదట వానికే చెప్పమంది.

డిసెంబరు 17, బుధవారం

అయ్యగారికి చెప్పాను. మొత్తం విన్నారు. జ్ఞానమణమ్మ ముక్కు దగ్గర ఆయనకు నవ్వు ఆగలేదు. కళ్లు తుడుచుకొని నా భుజం మీద చెయ్యి వేశారు.

"బామ్మర్ది మీద ప్రేమతో నింద నీ మీద వేసుకుంటున్నావు దావీదూ. మంచిదే. కానీ కథలు కట్టి ఒకరిని బల్లకు ఎక్కించలేము."

"కథ కాదయ్యా. నిజం."

"పోయిన ఈస్టరుకు ప్రసంగం మధ్యలో ఈ బల్ల కింద కోడి కూసింది. అప్పుడు కూడా నిజంగా నాకు తెలీదయ్యా అంటివి."

అది కోడిలా కూసే అలారం గడియారం. అది పెట్టింది నేనే.

కాగితం చూపించమన్నారు. కాల్చేశానన్నాను. మళ్లీ నవ్వారు, ఈసారి జాలిగా.

రెజీనాకు ఫోన్ చేశాను. "అన్నా, నా పెండ్లిలో మా నాయన గొంతు పెట్టి వంటవాళ్లను ఇంటికి పొమ్మంటివి గుర్తుందా? నీ మాట నేనెట్ల నమ్మేది? నీ బామ్మర్దికి చెప్పు, మొగోడైతే తనే మాట్లాడమని." పెట్టేసింది.

ఇద్దరికి చెప్పాను. ఇంట్లోకి వచ్చాను. కృపమణి "వానికి?" అంది. చెప్తాలే అన్నాను.

డిసెంబరు 18

రేపు చెప్తాను.

డిసెంబరు 21, ఆదివారం

నక్షత్రం ఎక్కించారు. మిగిలిన పని ఒక్కణ్ణే చేశాను, పక్కన ఇనుము పట్టుకొనేవాడు లేకుండా, రాళ్లు ఆనించుకొని. రోడ్డు మీద నుంచి కనిపిస్తోంది. గోపన్న కూడా బండి ఆపి చూసి "అతుకులు బాగున్నాయప్పా" అన్నాడు. జ్ఞానమణమ్మ పిలిచి లడ్డూ పెట్టింది. అందరూ దాని కింద నిలబడి ఫోటోలు దిగారు. నన్ను మధ్యలో నిలబెట్టారు.

ప్రసాదు వచ్చాడు. గుంపు చివర నిలబడి తలెత్తి చూశాడు. "బాగొచ్చింది బావా" అన్నాడు. వాడి బుగ్గలు లోపలికి పోయాయి. నోటి దగ్గర వాసన కోసం నేను ముందుకు వంగాను. వాడికి అర్థమైంది. ఏమీ వాసన లేదు. వాడు పోయాడు.

నేను వంగాను. నేనే.

డిసెంబరు 25, గురువారం

క్రమంగా రాస్తాను.

గుడి నిండిపోయింది. పాటలయ్యాక సాక్ష్యాల సమయం. దేవుడు చేసిన మేలు చెప్పుకోవాలనుకునేవాళ్లు లేచి నిలబడతారు. నేను లేచాను. నోరు తెరవకముందే ముందు వరసలో ముసిముసి నవ్వులు. నా సాక్ష్యమంటే వాళ్లకు పండగ పిండివంట లాంటిది.

"డిసెంబరు ఆరో తేదీ మా దొడ్లో..." అని మొదలుపెట్టాను. నీలం కాగితం అన్నాను. దయ్యం అన్నాను. కొమ్ములు అనేసరికి గుడి గుడంతా నవ్వింది. పిల్లలు ఎగిరారు. ముక్కు సంగతి ఎత్తకూడదనుకున్నాను, ఎత్తలేదు. అయినా నవ్వు ఆగలేదు. "ప్రసాదు తాగలేదు, నేనే వాని కండ్లు కాల్చినా, అయ్యగారి ముందర దాచిపెట్టినా" అన్నాను. ఆ మాటలకు కూడా నవ్వారు. నా గొంతు వణికింది. అది కూడా నటనే అనుకున్నారు. ఎవరో "ఆమెన్" అని అరిచారు, దానికి ఇంకా నవ్వారు.

వెనక చెప్పుల దగ్గర ఒక్కడు నవ్వలేదు. వాడికి ఇంతవరకు చెప్పలేదు కదా. అందరి మధ్యలో అందరితో పాటు విన్నాడు. వాడి మొహం చూశాను. కోపం కూడా లేదు. లెక్క తప్పిన చోటు దొరికినవాడిలా ఉన్నాడు.

"దేవునికి స్తోత్రం, కూర్చో దావీదూ" అన్నారు అయ్యగారు, పెదవి కొరుక్కుంటూ.

పాట మొదలైంది. బల్లకు పిలిచారు. మా వరస లేచింది, నేనూ పోయాను, మోకరించాను. అయ్యగారు రొట్టె అందించారు. నేను చెయ్యి చాపలేదు.

"తీసుకో" అన్నారు నెమ్మదిగా.

"నాకొద్దయ్యా. నేను తీసుకొనే స్థితిలో లేను."

ఆయన మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. నన్ను చూశారు. ఆ నవ్వు అక్కడ ఆగింది. మా సంఘంలో దేనితోనైనా ఎగతాళి ఆడతారు, నేనైతే కోడిని కూయించాను కూడా. కానీ చాపిన రొట్టెను వద్దనడం అనేది ఎవరూ ఆటకు చెయ్యరు. తాగినవాడు కూడా చెయ్యడు. నేను కూడా చెయ్యనని వాళ్లందరికీ తెలుసు.

పక్కన మోకరించిన జ్ఞానమణమ్మ నావైపు తిరిగింది. "ఏమిరా, నిజమేనా?" అని అడిగింది, నోరు కదిపీ కదపక.

"నిజమే పెద్దమ్మా."

లేచి అందరి మధ్యలోంచి వెనక్కి నడిచాను. ఎవరూ నవ్వలేదు. పాట పాడేవాళ్లు కూడా ఆపేశారు. నా అడుగుల చప్పుడు నాకే వినబడడం చాలా అసహ్యంగా ఉండింది. పోయి ప్రసాదు పక్కన చెప్పుల మధ్యలో కూర్చున్నాను.

వాడు ముందుకే చూస్తూ అడిగాడు.

"ఆటోలో కూడా నీకు తెలుసు కదా బావా?"

"తెలుసు."

"నా కండ్లే చెడిపోయినాయని నేననుకుంటాంటే ఊరికే వింటివే."

"వింటి."

వాడు లేచి బయటికి పోయాడు. వాడు పోయిన వైపు బ్రాందీ షాపు కూడా ఉంది, ఇల్లూ ఉంది. లేచి వెంటపడే హక్కు నాకు లేదు. అక్కడే కూర్చున్నాను. కృపమణి లేచి పోయింది.

డిసెంబరు 26, శుక్రవారం

ఇంటికే పోయాడట. కృపమణి వాడికి అన్నం పెట్టి, వాడు తినే దాకా కూర్చొని వచ్చింది. నాకు కూడా పెట్టింది. కూర్చోలేదు.

డిసెంబరు 28, ఆదివారం

ఆరాధన తర్వాత పెద్దలు గదిలో కూర్చున్నారు. ప్రసాదును ముందు కూర్చోబెట్టారు. నన్ను నిలబెట్టారు. అయ్యగారు వాణ్ణి క్షమించమని అడిగారు, వయసులో పెద్దవాడు చేతులు జోడించి. జ్ఞానమణమ్మ వాడి తల నిమిరి ఏడ్చింది. రెజీనాకు తానే ఫోన్ చేసి "నోరు జారింది నాదే తల్లీ" అని చెప్పిందట. కొత్త సంవత్సరం ఆరాధనలో వాడు బల్లకు రావాలి.

తర్వాత నా సంగతి వచ్చింది. ఆర్నెల్లు ఆపాలన్నారు ఒకరు. ఏడాది అన్నారు ఒకరు. చెడ్డపేరు మోసింది ప్రసాదు కాబట్టి ప్రసాదునే అడుగుదాం అన్నారు అయ్యగారు.

వాడు నన్ను చూడలేదు.

"ఆపొద్దయ్యా."

"దయగలవాడివి నాయనా" అంది జ్ఞానమణమ్మ.

"దయ కాదు పెద్దమ్మా. ఆపితే మా బావ దాన్ని కూడా ఒక కథ చేసుకుంటాడు. ఏడాది పొడుగునా చెప్పుల దగ్గర కూర్చొని అందర్నీ నవ్విస్తాడు. ముందరికే రానీండి. అందరూ చూస్తాంటే చెయ్యి చాపి తీసుకోనీండి. నవ్వకుండా."

సరే, అట్లాగే కానీ అన్నారు అయ్యగారు.

ఇంటికొచ్చి దొడ్డి అరుగు మీద కూర్చున్నాను. వాడు అన్యాయంగా అన్నాడని కృపమణితో చెప్పుకుందామనుకున్నాను. చెప్పలేకపోయాను. ఎందుకంటే గుడి నుంచి ఇంటికొచ్చే దారిలోనే నేను మొదలుపెట్టేశాను. పెద్దల గది, ఆర్నెల్లు అన్న ఆయన దగ్గు, జ్ఞానమణమ్మ ముక్కు చీదుకున్న తీరు. ఏ మాట ముందు చెప్పాలో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ నవ్వుతారో, అన్నీ కుదిరిపోయాయి. మా వీధి మలుపు తిరిగేసరికి కథ తయారైంది. బాగా వచ్చింది కూడా.

జనవరి 1, గురువారం

డైరీలో పేజీలు అయిపోయాయి. అట్ట లోపలివైపు రాస్తున్నాను.

రెజీనా బిడ్డలతో వచ్చింది. నన్ను దాటుకొని పోయి కృపమణి పక్కన కూర్చుంది. ప్రసాదు పేరు పిలిచారు. వాడు పోయి మోకరించాడు. తర్వాత మా వరస. ముందు చోటు ఒక్కటే మిగిలింది, వాడి పక్కన. నేను నిలబడిపోయాను. వెనకవాళ్లు ఆగారు.

వాడు తల తిప్పలేదు. మోకాళ్ల మీదనే కొంచెం పక్కకు జరిగాడు.

చెయ్యి చాపాను. అందరూ చూశారు.